ఇళావతి అరచేయి

పూర్వం తుంగభద్రా తీరాన, తపోధనుడైన ఋతభాను మహర్షి ఆశ్రమంలో, అయిదేళ్లు నిండిన పిల్లలు కుడి అరచేత మూడుమార్లు తీర్థం పట్టి తాగిన తరువాతే అక్షరాలు దిద్దాలన్న నియమం ఉండేది. మహర్షి కోడలు విశారదకు ఆ నియమం తలుచుకుంటేనే గుండెదడ. ఆమె కూతురు ఇళావతి కుడి అరచేయి పుట్టినప్పటినుంచీ నేలనే చూసేది. ఎంత తిప్పినా పైకి తిరిగేది కాదు. ఎవరు ప్రసాదం పెట్టినా విశారద తన చేయి చాచి, దానిపై పిల్ల చేయి ఆనించి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

ఇళావతికి అయిదేళ్లు నిండి తీర్థం పట్టాల్సిన రోజూ అలాగే చాచబోతే, మహర్షి ఉద్ధరిణి ఎత్తి, "నీ చేయి కాదమ్మా, పిల్ల చేయి" అన్నాడు.

"తాతా, నా చెయ్యి కిందికే చూస్తుంది. నువ్వే కిందనుంచి పొయ్యి!" అంది ఇళావతి.

అందరూ నవ్వారు. మహర్షి నియమం తప్పించలేక, పిల్లను కాదనలేక, ఉద్ధరిణి దించేశాడు. విశారద కూతుర్ని చంకనెత్తుకొని రేవుకు పోయి, "దేవవైద్యులారా, నేను చేసిన పాపమేదో నాకే చుట్టండి" అని విలపించింది.

అంతలో ఒకే పోలిక గల ఇద్దరు తేజోమూర్తులు రేవు దిగి వచ్చారు. వారు సూర్యపుత్రులు, ఎన్నడూ జంట వీడని అశ్వినీదేవతలు.

వారిలో అన్న నాసత్యుడు పిల్ల మోచేతి కింద తడిమి, "పాపమేమీ లేదు తల్లీ. గర్భంలో ముంజేతి ఎముకలు రెండూ కలిసే మొలిచి, తరువాత విడిపోతాయి. అప్పుడే అరచేయి తిరుగుతుంది. ఇవి విడిపోలేదు, అంతే" అన్నాడు.

"విడదీయండి స్వామీ!"

"విడదీసినా మళ్లీ అతుక్కుంటాయి" అని తమ్ముడు దస్రుడు అన్నవైపు చూసి నవ్వాడు. "మమ్మల్ని విడదీస్తే మేం ఊరుకుంటామా?"

"మీరు పోట్లాడుకోరా?" అంది ఇళావతి.

"రోజూ! మా రథం పగ్గాలు ఎవరు పట్టాలని."

ఆ దేవవైద్యులు అతుకును అలాగే ఉంచి, దాని దిగువన ఎముకలను కొంచెం తిప్పి నిలిపారు. బొటనవేలు ఆకాశాన్ని చూసింది. అరచేయి మాత్రం వెల్లకిల పడలేదు. విశారద ముఖం చిన్నబోయింది.

"మా వంతు ఇంతే తల్లీ. మిగిలింది ఆమె భుజం నేర్చుకుంటుంది. నువ్వు చేయి అడ్డం పెట్టకు" అన్నాడు నాసత్యుడు.

మళ్లీ మహర్షి ఎదుట కూర్చున్నప్పుడు, విశారద తన రెండు చేతులూ ఒడిలో బిగించి పట్టుకుంది. ఇళావతి మోచేతిని పొట్టకు అదిమి, ఒళ్లంతా ఒక పక్కకు వాల్చి, అరచేతిలో చిన్న గుంట చేసింది. పోసిన తీర్థంలో సగం జారిపోయింది. సగం నిలిచింది.

"నిలిచిందే తీర్థం!" అన్నాడు మహర్షి, కళ్లు తుడుచుకుంటూ. రేవునుంచి వెంట వచ్చిన అశ్వినులిద్దరూ ఆ పిల్లలాగే పక్కకు వాలి చేతులు చాచారు. బిడ్డ చేయి ఎటు చూస్తే ఉద్ధరిణి అటు వంగాలన్నది నాటినుంచి ఆ ఆశ్రమ నియమమైంది.

ఈ కథ విన్న తల్లులకు, బిడ్డ చేతి కింద తమ చేయి ఎప్పుడుండాలో, ఎప్పుడు ఒడిలో ఉండాలో తెలియుగాక.