ఏడో పేజీలో మొలిచిన తోక

ఈ కథ చెప్పేవాడికి బట్టతల. జుట్టు మొలిపించే నూనె మూడు సీసాలు రుద్ది, అరచేతులు నున్నబడ్డాక మానేశాడు. కాబట్టి కొమ్మలగుట్ట అడవిలోని పులిదొరను చూసి నవ్వే అర్హత అతనికి లేదు. ఆ పని మీరు చెయ్యండి.

పులిదొరకు ముసలితనంలో కోరలు రాలిపోయాయి. "తెగిన తోక బల్లికి మళ్ళీ మొలుస్తోందే, రాలిన కోర నాకెందుకు మొలవదు?" అని గర్జించి, ఆ గుట్టు తేల్చడానికి ఓ పరిశోధన కేంద్రం పెట్టించాడు. దానికి డైరెక్టరు జిత్తయ్య అనే నక్క. ఆయన అర్హత ఎవరో పారేసుకున్న కళ్ళజోడు. రాతకోతలకు డిప్పయ్య అనే తాబేలు. పరిశోధనంతా చేసేదీ, దానికి తోక ఇచ్చేదీ గోడెమ్మ అనే బల్లి.

గోడెమ్మకు రోజూ పళ్ళెం నిండా పురుగులు పెట్టమని దొర ఆజ్ఞ. జిత్తయ్య ఆ పళ్ళాన్ని కేంద్రం గొప్పతనం చాటే కాకులకు మళ్ళించాడు. ఏదైనా పెద్ద జంతువు చూడ్డానికి వస్తే మాత్రం, రిబ్బను బదులు గోడెమ్మ తోక పుటుక్కున తెంపి, చప్పట్లు కొట్టించుకుని, వాళ్ళు తెచ్చిన మాంసం తాను లాగించేవాడు.

"అయ్యగారూ, ఈ ఏడు నాలుగుసార్లు తెంపారు," అంది గోడెమ్మ ఓ రోజు గోడమీదనుంచి. "చలికాలం వస్తోంది. పురుగులు దొరకని రోజుల్లో నన్ను బతికించేది తోకలో దాచుకున్న కొవ్వే. ఇంకోసారి తెగితే పోతాను."

"ఎప్పుడూ నీ గోల నీదేనామ్మా? కేంద్రం నిలబడొద్దా?"

"నేను పోతే కేంద్రంలో ఏం మిగుల్తుందండీ?"

"గేటుంది, బోర్డుంది, నేనున్నాను. చాలదూ?"

ఆయన అటు వెళ్ళగానే డిప్పయ్య మెడ బయటపెట్టాడు. "నాకు నూట నలభై ఏళ్ళమ్మాయ్. ముసలితనం మీద పరిశోధన చేసే చోటిది. ఇన్నేళ్ళు ఎలా బతికావయ్యా అని ఒక్కడడిగితే ఒట్టు. టీ ఏదీ అని మాత్రం రోజూ అడుగుతారు."

ఇంతలో దొర తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. తనిఖీకి నివేదిక కావాలి. అందులో నిరుటికన్నా పెద్ద విజయం ఉండాలి, లేకపోతే కేంద్రం మూత.

"రాయవోయ్ డిప్పయ్యా," అన్నాడు జిత్తయ్య. "మందు తయారైంది. డైరెక్టరుగారు ప్రాణాలకు తెగించి ముందు తనమీదే ప్రయోగించుకున్నారు. తోక కోసేసుకున్నారు. మూడు రోజుల్లో మొలిచింది, మునుపటికన్నా గుబురుగా."

"దొరవారు చదివితేనో?"

"అట్టకు బొట్టుపెట్టి, దండ వేసి, బీరువాలో పెట్టడానికి కదుటోయ్ నివేదిక! ఇన్నేళ్ళలో రెండో పేజీ తిప్పినవాడున్నాడా? దీన్ని ఏడో పేజీలో వెయ్యి."

గోడెమ్మ అంతా వింది. తన నోటుపుస్తకంలో ఆమె రాసిన నిజం మూడే ముక్కలు: మందు లేదు, తిండి ఉంటే బల్లి తోకకు రెండు నెలలు పడుతుంది, నక్కకూ పులికీ ఏదీ మొలవదు. ఆ కాగితాన్ని జిత్తయ్య కళ్ళజోడు తుడుచుకోడానికి వాడేశాడు.

తనిఖీ రోజు గేటుకు తోరణాలు కట్టారు. పులిదొర వచ్చి కూర్చున్నాడు. నివేదికకు దండ పడింది.

"రావమ్మా గోడెమ్మా, దొరవారికి నీ తోక చూపించు," అన్నాడు జిత్తయ్య చేతులు నలుపుకుంటూ.

గోడెమ్మ దూలం మీదికి పాకి, వినయంగా తల వంచింది. "నాదేపాటి తోక దొరా! డైరెక్టరుగారు ఇంతకన్నా గొప్ప ప్రయోగం చేశారు. చెప్పుకోడానికి మొహమాటపడి ఏడో పేజీలో దాచుకున్నారు."

"మొహమాటమా? జిత్తయ్యకా?" దొర చెవులు నిక్కబొడుచుకున్నాయి. "చదవవోయ్ డిప్పయ్యా!"

నెమ్మదిగా చదవడం తాబేలుకు పుట్టుకతో వచ్చిన విద్య. ఒక్క అక్షరం వదల్లేదు.

"మూడు రోజుల్లోనా!" దొర బోసినోరు తెరిచాడు. "ఎన్నాళ్ళని బల్లి తోక చూస్తామయ్యా! ఇలా తిరుగు. నీది మొలిచాక నా కోరల సంగతి చూద్దాం."

"ప్రభూ, ఇవాళ అమావాస్య... పైగా కమిటీ అనుమతి..."

"నాకు రాలింది కోరలేనోయ్. గోళ్ళు కాదు."

ఒక్కటే దెబ్బ. గుబురు తోక గేటు అవతల పడింది. కాకులు అలవాటుకొద్దీ జేజేలు కొట్టాయి.

అది మొలిచేదాకా జిత్తయ్య గేటు దాటకూడదని హుకుం అయింది. మూడు రోజులు గడిచాయి, మూడు వారాలు గడిచాయి. దొర పొద్దున్నే వచ్చి, "ఎంత వచ్చిందోయ్?" అంటాడు. డిప్పయ్య పుల్లతో కొలిచి, "నిన్నటంతే దొరా," అంటాడు. దొర రోజూ వస్తుండడంతో జిత్తయ్య పళ్ళాన్ని కాకులకు మళ్ళించలేకపోయాడు. పురుగులు గోడెమ్మకే దక్కాయి. చలి ముదిరేసరికి ఆమె తోక నిండుగా లావెక్కింది.

ఒకనాడు జిత్తయ్య గోడ కిందికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "గోడెమ్మ తల్లీ, నిజం చెప్పు. నాకు ఎన్నాళ్ళు పడుతుంది?"

"నిజం నా నోటుపుస్తకంలో ఉండేదండీ," అంది ఆమె పురుగు నములుతూ. "మీరు దాంతో కళ్ళజోడు తుడిచేశారు."

నీతి అడిగేవాళ్ళకు: ఒకరి తోక తెంపి సంస్థ నడిపేవాడు, తన తోక వంతు వచ్చేదాకానే డైరెక్టరు.