చల్లని పెట్టె

చిదంబరానికి కోపం రాదని ఆశ్రమంలో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం చిదంబరానికే.

బండలు పగిలే ఎండలు కాసే ఎర్రగుట్ట మీద ఉంది ఆ ఆశ్రమం. అక్కడ ఒక ఆచారం. ఏడాదిపాటు ఎవరి మీదా కోపం చూపని శిష్యుడే కొత్తవాళ్ళకు పాఠం చెప్పే పీట మీద కూర్చోవాలి. చిదంబరం ప్రాణమంతా ఆ పీట మీదే. రేపటితో అతని ఏడాది నిండుతుంది.

రోజూ తెల్లవారుజామున ధ్యానమందిరంలో, కాలం చేసిన పెద్దగురువు ప్రసంగాలు వినిపించేది అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు. దాని ఫ్యాను గుయ్యిమంటూ మౌనాన్ని పాడుచేస్తోందని చిదంబరం అల్యూమినియంతో ఒక పెట్టె చేశాడు. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. మూత లోపలి లోహపు దిమ్మె చిప్‌కు ఆనుకుని వేడిని లాక్కుంటుంది. పైనున్న రెక్కలు ఆ వేడిని గాలికి వదిలేస్తాయి. పనితనానికి వంక పెట్టలేం.

కానీ మొదటిరోజే తోటి శిష్యుడు ఓబులేసు దాని మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకున్నాడు.

"ఏమప్పా, దీని మీద దోసె పోసుకోవచ్చే!"

అందరూ నవ్వారు. చిదంబరమూ నవ్వాడు. నవ్వాడే గానీ ఆ మాట ముల్లులా దిగింది.

ఆ రోజు నుంచి ఓబులేసు ఎదురైతే చిదంబరం మునుపటికన్నా తియ్యగా పలకరించేవాడు. పెట్టె మాత్రం విప్పి, దిమ్మెకూ చిప్‌కూ నడుమ ఒక అట్టముక్క దూర్చాడు. పలచటి అట్టేగా, ఏమవుతుందిలే అనుకున్నాడు. పెట్టె చల్లబడింది.

అప్పటినుంచే తంటా. ప్రసంగం సగానికి వచ్చేసరికి గొంతు నత్తి కొట్టి ఆగిపోయేది. చిదంబరం వైర్లు మార్చాడు, స్పీకర్లు మార్చాడు. ఫలితం లేదు. చివరికి ఇవాళ పెట్టెను గురువు సుబ్బమాంబగారి ముందు పెట్టాడు.

"పెట్టెలో లోపం లేదమ్మా. తాకి చూడండి, కుండలో నీళ్ళలా ఉండాది."

ఆమె తాకి చూశారు.

"విప్పు, నాయనా."

విప్పాడు. అట్టముక్క బయటపడింది.

"ఇదెందుకు?"

"వేడి పైకి తెలియకుండా పెట్టినానమ్మా. ఎవరన్నా తాకితే నవ్వుతారని."

ఆమె రెండు వేళ్ళతో అట్టముక్కను తీసి పక్కన పెట్టి, మూత బిగించమన్నారు.

ప్రసంగం మొదలైంది. పెద్దగురువు గొంతు ఎక్కడా తడబడలేదు. ముగింపులో ఆయన దగ్గిన చిన్న దగ్గు కూడా వినిపించింది. ఆ దగ్గు విని ఎన్నాళ్ళయిందో! చిదంబరం కళ్ళు చెమర్చాయి.

"ఇప్పుడు తాకు" అన్నారు సుబ్బమాంబ.

తాకి, "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు. "కాలతా ఉందమ్మా."

"లోపల?"

చిదంబరం కంప్యూటరు తెర వంక చూశాడు. లోపలి వేడిని చూపే అంకె ఎంతో కిందికి దిగి ఉంది.

"లోపల తగ్గిందమ్మా."

"సరే, పో. భోజనాలకు వేళయింది."

పంక్తిలో అందరూ కూర్చున్నారు. ఓబులేసు పక్కన చోటు ఖాళీగా ఉంది. చిదంబరం కూర్చోలేదు. ఈ ఒక్కరోజు నోరు మూసుకుంటే పీట తనదేనని అతనికి బాగా తెలుసు.

"ఓబులేసూ, నీ మీద నాకు కోపంగా ఉంది." గొంతు అనుకున్నదానికంటే పెద్దగానే వచ్చింది. "నా పెట్టె మీద దోసె పోసుకోవచ్చన్నావే, ఆ పొద్దు నుంచీ ఉంది."

అందరి చేతులూ విస్తళ్ళ మీదే ఆగిపోయాయి.

ఓబులేసు తెల్లబోయాడు. "ఇన్నాళ్ళా? ఆ పొద్దే నాలుగు తిట్టుంటే సరిపోయేది గదప్పా! నాదే తప్పు. రా, కూర్చో."

చిదంబరం కూర్చున్నాడు. పీట పోయిందని బాధగానే ఉంది. అయినా ముద్ద హాయిగా దిగింది. మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

సుబ్బమాంబ మజ్జిగ వడ్డిస్తూ వచ్చి అతని ముందు ఆగారు.

"పొద్దున్నే పీట మీదికి రా, నాయనా. కొత్తవాళ్ళు ఎదురు చూస్తుంటారు."