మెరకవీధి గండమ్మ తల్లి

విశాఖపట్నంలో కొండవాలున దిగే మెరకవీధికి వచ్చే భక్తులకు తల్లి దర్శనం కంటే ముందు కానుగ చెట్ల నీడ దొరుకుతుంది. ఇంటికొక చెట్టు, చెట్టు మొదట్లో తొట్టిలా తవ్విన పల్లం, ఆ పల్లానికి ఎదురుగా రోడ్డు పక్క సిమెంటు గట్టుకు జానెడు గండి. వాటన్నింటిలోకి పెద్ద కానుగ కింద పసుపు పూసి నిలిపిన విరిగిన గట్టు ముక్కే గండమ్మ తల్లి. గండాలు తప్పిస్తుంది గనుక ఆ పేరు వచ్చిందని కొత్తవారు అనుకుంటారు. తప్పించే మాట నిజమే గాని, పేరు వచ్చింది గండం నుంచి కాదు, గండి నుంచి.

పూర్వం ఇక్కడ, అంటే కృతయుగంలో కాదు, ఈ వీధికి సిమెంటు రోడ్డు పడిన కొత్తలో, సన్యాసమ్మ అనే ఇల్లాలు ఉండేది. మెరకవీధి వారు ఆడపిల్లలను దిగువనున్న పల్లపువీధిలో ఇవ్వడం వాడుక. సన్యాసమ్మ కూడా ఒక్కగానొక్క కూతురు పైడమ్మను అక్కడే ఇచ్చి, కేకేస్తే పలికే దూరంలో ఉంది నా బిడ్డ అని మహా మురిసిపోయేది. అయితే రోడ్డు పడ్డాక వాన నీరు నేలలో ఇంకడం మానేసింది. రెండు గట్ల మధ్య నుంచి ఉరికిపోయి పల్లపువీధిలో మోకాటి లోతున నిలిచేది. పైడమ్మ చంటిదాని ఉయ్యాలను వాసానికి ఎత్తి కట్టి, తాను మంచం మీద నిలబడి ఊపేది. ఈ ఏడూ ఇంట్లోకి నీళ్లొస్తే పిల్లను తీసుకుని దూరాన ఉన్న తన ఊరికి వెళ్లిపోతామని అల్లుడు తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నది మొదలు సన్యాసమ్మకు అన్నం సయించలేదు.

జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. తడి చీరతో ఒక పెద్దముత్తయిదువ కలలోకి వచ్చి నిష్ఠూరమాడింది.

"నీ కూతురింటి మీద పడాలని నాకు సరదా ఏటే? నువ్వు గడప ఎత్తుగా కట్టీసినావు. నన్నెక్కడ కూకోమంటావు?"

సన్యాసమ్మ లేచి చెంపలేసుకుంది. వచ్చింది గంగమ్మేనని గుర్తుపట్టి, వెంటనే వడ్రంగిని పిలిచి తాతలనాటి వీధి గడపను పెరికించేసింది. గడప లేని ఇల్లేమిటని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. మర్నాటి జడివానకు గంగమ్మ రోడ్డు గట్టు మీంచి పొర్లి, పిలుపు మన్నించి నేరుగా ఇంట్లోకే వేంచేసింది. చాపలు తేలాయి, బియ్యం డబ్బా తేలింది. సన్యాసమ్మ చీపురు పుచ్చుకుని, తిట్లూ దండాలూ కలిపి వల్లిస్తూ నీటిని పెరట్లోకి తోసింది. తోస్తూ తోస్తూ ఆగిపోయింది. ఇంటి నిండా వచ్చిన నీరు పెరట్లో వాడిపోయి ఉన్న కానుగ మొక్క చుట్టూ గుటగుటా ఇంకిపోతోంది. తల్లి తీయించమన్న గడప ఇంటిది కాదని, నీటిని మట్టికి చేరనివ్వని రోడ్డు గట్టేనని ఆమెకు అప్పుడు బోధపడింది.

"ఓలమ్మో! కూతురికి సారె పంపాల్సిన దాన్ని, ఇన్నాళ్లూ వరద పంపీసినాను," అని వలవలా ఏడ్చింది.

వాన వెలిసీ వెలియక ముందే గునపం తీసుకుని తన ఇంటి ముందరి గట్టుకు గండి కొట్టింది. ఆ చప్పుడుకు పక్కింటి దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు.

"మతుండే సేస్తన్నావా వదినా? వీధికి గండి కొట్టీసినావు!"

"కొట్టినాను నాయుడూ. నీ ఇంటి ముందర కూడా కొడతాను, జరుగు."

"నా గట్టు జోలికొస్తే ఊరుకోను."

"నీ సెల్లెలు కాపరం సేస్తన్నది పల్లంలో కాదేటయ్యా?"

దాలినాయుడు ఇంట్లోకి వెళ్లి తన గునపం తెచ్చుకున్నాడు. ఇక ఆడపిల్లను కిందికి ఇచ్చిన ఇల్లల్లా కదిలింది. గండి గండికీ వెనుక పల్లం తవ్వి, ఎండుటాకులు పరిచి, కానుగ మొక్కలు నాటారు. విరిగిన మొదటి ముక్కను సన్యాసమ్మ పారేయనివ్వక పసుపు రాసి నిలబెట్టింది.

శ్రావణంలో ఒక రాత్రంతా కుండపోతగా కురిసింది. తెల్లవారగానే పైడమ్మ చంటిదాన్ని చంకనెత్తుకుని పైకి వచ్చింది.

"రాత్రి మీ కాడ వాన పడనేదేటమ్మా? మాకు నీల్లు రానేదు."

"పడిందే నా తల్లీ. ఇక్కడే తాగీసినాం," అని సన్యాసమ్మ కూతురినీ మనవరాలినీ కలిపి పొదువుకుంది. కట్టిన మూటలను అల్లుడు ఆ పూటే విప్పేశాడు.

ఈ తల్లికి అభిషేకం చేయరు. ఆ సేవ వానకే విడిచిపెట్టారు. ఏరువాక పున్నమికి ఇంటింటివారూ పల్లంలో పేరుకున్న ఒండ్రు తీస్తారు. అదే ప్రసాదం. చిటికెడు తీసుకువెళ్లి మొక్కల మొదట్లో వేసుకుంటే ఇల్లు పచ్చగా ఉంటుందని భక్తుల నమ్మకం. తొలి పెద్ద వాన కురిసిన మర్నాడు పల్లపువీధి ఆడపడుచులు పిల్లలను ఎత్తుకుని పైకి వచ్చి, అంతా తెలిసే, "మీ కాడ వాన పడనేదా?" అని అడుగుతారు. "పడింది, తాగీసినాం," అని పుట్టింటివారు బొట్టు పెట్టి సారె ఇస్తారు. ఆ మాట అడిగించుకున్న తల్లికి ఆ ఏడు బిడ్డ గురించి బెంగ ఉండదంటారు. ఈ మొక్కుకు ఉపవాసాలు, మడులు లేవు. కాళ్లు తడవకుండా వచ్చి అడగాలి, అంతే.