చెంగమ్మ పచ్చిక

అనగనగా, ఏడాదిలో సగం మంచు కప్పుకుని పడుకునే ఒక కొండ అడవిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. ఆమె బొరియ ముందు ఒత్తైన పచ్చిక ఉండేది. మంచు కరిగాక పుట్టే పిల్లలకు అదే తిండి. అందుకే చలి ముందు ఆ అడవిలో ఎవరూ గడ్డిని మొదలంటా కొరికేవారు కాదు. ఆ సంగతి చెంగమ్మకూ తెలుసు.

ఒకరోజు నక్క పానకాలు వచ్చాడు. అడవి అందాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ సంఘంలో ఇంకెవరూ లేరు.

"ఏమ్మా, ఇది పచ్చికా, ఎలుగుబంటి వీపా? మొదలంటా కొరికెయ్! తివాచీలా ఉంటుంది. అడవిలో నీ వాకిలే అందమైనదని చాటిస్తాను" అన్నాడు.

చెంగమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. సాయంత్రానికల్లా కరకరా కొరికేసింది.

బొరియలోంచి చెంగమ్మ అత్త బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చిదానా! చలి ముంచుకొస్తుంటే గడ్డికి బట్టలు ఊడదీస్తావా? వేళ్లు చచ్చిపోతాయే!"

"మీకు అందం గురించి ఏం తెలుసు అత్తా!" అంది చెంగమ్మ.

తర్వాత ఆకులు రాలాయి. ఊడ్చబోతుంటే పానకాలు అడ్డుపడ్డాడు. "ఉంచమ్మా, ఎర్రగా ఎంత బాగున్నాయో!" కింద గడ్డికి ఊపిరాడదని చెంగమ్మకు తెలుసు. అయినా చీపురు పక్కన పడేసింది.

ఆపైన గడ్డి మీద మంచు పేరుకుంది. పానకాలు బంధువులందరినీ తెచ్చి పచ్చిక మీద ఊరేగాడు. కాళ్ల కింద గడ్డకట్టిన గడ్డి మోళ్లు పటపటా విరిగాయి. చెంగమ్మ ఆపమని చెప్పబోయింది. కానీ అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆమె కూడా కొట్టింది.

మంచు కరిగింది. అందరి వాకిళ్లూ పచ్చబడ్డాయి. చెంగమ్మ వాకిట్లో మాత్రం బురద, కుళ్లిన ఆకులు. పుట్టిన నలుగురు పిల్లలూ ఆకలికి కీచుకీచుమన్నారు.

పానకాలు అటుగా వచ్చాడు. "ఛీ, ఎవరిదీ బోడి వాకిలి?" అని ముక్కు మూసుకుని పోయాడు.

చెంగమ్మ సిగ్గు చంపుకుని పక్కింటి కొండగొర్రె దగ్గరికి వెళ్లింది. "వదినా, నా పిల్లల్ని మీ గడ్డిలో మేయనిస్తావా?"

"రమ్మను. ఊరేగింపు మాత్రం వద్దు" అంది కొండగొర్రె.

ఎండలు తగ్గగానే చెంగమ్మ కొత్త విత్తనాలు చల్లింది. మొలకలు బాగా ఎదిగాక పానకాలు మళ్లీ పళ్లికిలిస్తూ దిగాడు. "ఈసారి ఇంకా పొట్టిగా..."

"అలాగే" అంది చెంగమ్మ పళ్లు నూరుతూ. "ముందు మీ తోక ఇలా పెట్టండి. పొట్టిగా కొరికితే అది ఎలా ఉంటుందో చూసి, గడ్డి సంగతి ఆలోచిద్దాం."

అధ్యక్షుడు కొండ దిగేదాకా వెనక్కి చూడలేదు.

నీతి: మన వాకిలి ఎలా ఉండాలో దాని మీద బతికేవాళ్లను అడగాలి, చూసి పోయేవాళ్లను కాదు.