అద్దకం వాడకి ముగ్గు

వరద తీసిన మూడు వారాలకి ఇలియాస్ గీస్తున్న నక్షా పూర్తయింది. ఆ మూడు వారాలూ అతనికి తిండి మీద ధ్యాస లేదు.

కోటగోడ లోపల, ఏటి ఒడ్డున ఉన్న అద్దకం వాడలో నలభై ఇళ్లు కూలిపోయాయి. తరాలుగా అక్కడే బట్టలకి రంగులద్దుకుని బతికినవాళ్లు పాత సరాయిలో తలదాచుకుంటున్నారు. వాడని తిరిగి కట్టే పని కొత్వాలు బుర్హాన్ ఉస్తాద్‌కి అప్పగించాడు. అప్పగిస్తూ ఒక మాట అన్నాడు.

"ఎలా కడతారో నెలాఖరు శుక్రవారం లోపల చూపించండి. కుదరదంటే వీళ్లని కోట బయట రాళ్లమిట్ట మీదికి పంపించేసి, ఇక్కడ గిడ్డంగులు వేయిస్తాను."

రాళ్లమిట్ట మీద నీళ్లు లేవు. నీళ్లు లేనిచోట అద్దకం సాగదు.

బుర్హాన్ ఉస్తాద్ ఫకీరూ, మేస్త్రీ కూడా. గోడ కట్టినా నమాజు చేసినా అదే శ్రద్ధ. ఆయన శిష్యుల్లో గీత గీయడంలో ఇలియాస్‌ని మించినవాడు లేడు. ఆ సంగతి ఇలియాస్‌కీ తెలుసు.

"చూడండి ఉస్తాద్," అంటూ నక్షా పరిచాడు. "మధ్యలో రెండు బళ్లు పట్టే బాట. అటూ ఇటూ వరసగా ఇళ్లు, అన్నీ ఒకే కొలత. ఎవరి ప్రహరీ వాళ్లకి. వరదకి మిగిలిన ఆ మొండిగోడలు పడగొట్టి ఏట్లో పారబోయిద్దాం. కొండ నించి కొత్త రాయి తెప్పిద్దాం."

ఉస్తాద్ చాలాసేపు చూశారు. "గీత బాగా కుదిరింది," అన్నారు. ఇలియాస్ మొహం వెలిగిపోయింది.

"రేపు పొద్దున్నే దీన్ని అక్కడ నేలమీద ముగ్గు పొయ్యి బేటా. ఉన్నది ఉన్నట్టు. గుమ్మాలున్నచోట మాత్రం ఖాళీ వదులు."

మర్నాడు తెల్లవారగానే ఇలియాస్ తాడు పట్టి, సున్నప్పొడితో నలభై ఇళ్లూ గీశాడు. ఎక్కడా వంకర పోలేదు. ఎండెక్కేసరికి ఉస్తాద్ సరాయిలో వాళ్లని వెంటబెట్టుకొచ్చారు.

"ఇవే మీ ఇళ్లు. గోడలు లేచాయనుకోండి. ఈ ఒక్కరోజూ ఇక్కడ మీ పనులు మీరు చేసుకోండి," అన్నారు.

జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. తర్వాత ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు. రంగు బానలు దించారు. పొయ్యిలు రాజేశారు.

ముందుగా సూరాంబవ్వ లేచింది. వాడలో అందరికన్నా పెద్దది. తడిబట్ట ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కోడలికిచ్చి లాగమంది. కోడలు వెనక్కి నడుస్తూ నడుస్తూ మూడిళ్ల గోడలు దాటిపోయింది.

"అక్కడ గోడ ఉందమ్మా!" అని అరిచాడు ఇలియాస్.

"బట్ట పొడుగు ఇంత నాయనా. నేనేం చెయ్యను?" అంది అవ్వ.

మరొకావిడ చంటిబిడ్డని పక్కింటావిడ ఒళ్లో పెట్టి నీళ్లకి వెళ్లింది. నాలుగడుగుల దూరానికి బాట చుట్టి రావాల్సింది, గీత మీంచే దాటేసింది. వాడకున్న ఒక్క బావి ఎవరి పెరట్లో పడిందో గానీ, వాడంతా ఆ పెరట్లోంచే రాకపోకలు. ఇలియాస్ ఇటు పరిగెత్తి ఒకళ్లని ఆపేసరికి అటు నలుగురు దాటుతున్నారు.

"ఆపకు బేటా. ఇలా వచ్చి కూర్చో," అన్నారు ఉస్తాద్.

మధ్యాహ్నం ఎండ మండిపోయింది. రెండు బళ్ల బాట మీద ఒక్క మనిషి లేడు. అందరూ ఇలియాస్ పడగొట్టిద్దామనుకున్న మొండిగోడ నీడలోకి చేరి అన్నాలు తిన్నారు. సూరాంబవ్వ ఆ గోడని చేత్తో తడిమింది.

"కాపరానికొచ్చిన కొత్తలో దీనికి సున్నం నేనే నూరాను. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరాం. మొన్నటి వరద కూడా దీన్ని కదపలేకపోయింది."

ఇలియాస్ గోటితో ఆ సున్నాన్ని గీకి చూశాడు. పొడి రాలలేదు.

పొద్దు వాలింది. జనం సరాయికి వెళ్లిపోయారు. ఉస్తాద్ శిష్యుణ్ణి తీసుకుని కోటగోడ ఎక్కారు.

"ఏం కనిపిస్తోంది?"

అంచుల్లో గీతలు కొన్ని నిలిచాయి. మధ్యలో, బావి చుట్టూ, అన్నీ చెరిగిపోయాయి. అక్కడ పెద్ద ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి నలువైపుల నించీ సన్నటి కాలిదారులు వచ్చి కలుస్తున్నాయి.

"నా గీతలు తుడిచేశారు ఉస్తాద్," అన్నాడు ఇలియాస్.

"తుడిచారా?" అన్నారు ఆయన. కిందికి దిగి నమాజుకి వెళ్లిపోయారు.

ఇలియాస్ గోడ దిగలేదు. చీకటి పడేదాకా ఆ దారులనే చూస్తూ ఉండిపోయాడు.

శుక్రవారం కొత్వాలుకి చూపించింది ఇలియాస్ ఆ దారుల వెంబడే గీసిన కొత్త నక్షా. నలభై ఇళ్లూ బావి చుట్టూ ఒదిగి ఉన్నాయి. మధ్యలో బట్టలు లాగడానికీ ఆరవెయ్యడానికీ ఉమ్మడి వాకిలి. నీడపడే సన్న సందులు. బానలు కడిగిన నీళ్లు బావిలోకి ఊరకుండా కాలవ పల్లానికి తిప్పి ఉంది. నిలిచిన గోడలు నిలిచినట్టే ఉంచి, కూలినవాటి ఇటుకే మళ్లీ వాడాలని రాసి ఉంది. కొత్వాలు కాసేపు తల గోక్కుని, సరేనన్నాడు.

వాడవాళ్లే ఇటుకలు ఏరారు, సున్నం నూరారు. మళ్లీ వానలు పట్టేలోగా అందరూ ఇళ్లలో దిగారు. గిడ్డంగుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గృహప్రవేశాల నాడు కొత్వాలు నున్నగా చెక్కిన నల్లరాతి పలక బండి మీద పంపించాడు. కట్టినవాడి పేరు చెక్కించి వాడ మొగలో నిలబెట్టమని కబురు. శిల్పి ఉలి పట్టుకుని వచ్చి, "ఏ పేరు చెక్కమంటారు?" అని అడిగాడు.

ఇలియాస్ ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు.

ఇలియాస్ నలుగురు మనుషుల్ని పిలిచి, ఆ రాయిని బావి దగ్గరికి మోయించాడు. సూరాంబవ్వ అక్కడ తడిబట్ట పిండుతోంది.

"అవ్వా, బట్టలుతికే బండ ఎంత ఎత్తులో ఉంటే నీకు వీలు?" అని అడిగాడు.

అవ్వ బట్ట పక్కన పెట్టి, నడుము వంచి చూపించింది.