వగరు జలగ

ఇప్పలవాగు అడవిలో అడవిదున్నలు, దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్లు కలిసి ఉండేవి. పులి కూడా ఉండేది గానీ, దానితో కలిసి ఉండాలని ఎవరూ అనుకోలేదు.

ఆ అడవికి వైద్యుడు కంకయ్య అనే ముసలి కొంగ. అతని మందులన్నిటిలోకీ గొప్పవి జలగలు. మామూలు జలగలకు తాగడమే తెలుసు. కంకయ్య జలగలకు తిరిగి ఇవ్వడం కూడా తెలుసు. అవి ఆరోగ్యంగా ఉన్న జంతువు దగ్గర కడుపునిండా రక్తం తాగి, నాచు పరిచిన కుండలోకి పాకి పడుకునేవి. ఎవరికైనా గాయమై రక్తం పోతే కంకయ్య ఒక జలగను తీసి వాళ్ల ఒంటిమీద పెట్టేవాడు. అది తాగినదంతా చుక్క మిగల్చకుండా ఇచ్చేసేది.

అయితే ఒకరి రక్తం అందరికీ పడదు. కొందరిది తీపి రక్తం, కొందరిది ఉప్పు రక్తం. వగరు రక్తం ఉన్నవాళ్లు ఎదిగిన జంతువుల్లో ఇద్దరే. ఒకరు తంగేడు అనే దుప్పి. రెండోవాడు దున్నల గుంపుకు పెద్ద, దండుదొర.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో వాగు ఒడ్డున రక్తదానం జరిగేది. దానికి పెద్దరికం దండుదొరదే. మెడలో అడవిమల్లె దండ వేయించుకుని, దానం గొప్పతనం గురించి ఎండ నెత్తికెక్కేదాకా మాట్లాడేవాడు. వింటున్న కుందేళ్లకు కళ్లు చెమర్చేవి. తర్వాత అందరి ముందూ దర్జాగా పడుకుని తొడ చాపేవాడు. కంకయ్య జలగను పెట్టేవాడు. "మహాదాత" అని జేజేలు మోగేవి.

అంతవరకే. అందరూ ఇప్పపూల విందు వైపు తిరగగానే దండుదొర తొడ ఒక్కసారి విదిలించేవాడు. గడ్డిలో పడ్డ జలగను గిట్టతో నొక్కేసేవాడు. చుక్క రక్తం పోయినా బలం పోతుందని అతని భయం. అంత ఒళ్లున్నవాడికి అంత పిరికితనం ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక ఏడు తంగేడు రక్తం ఇవ్వలేదు. చంటిపిల్ల తల్లి కాబట్టి కంకయ్యే వద్దన్నాడు. ముందటేడు మాత్రం ఇచ్చింది. లోయలో పడ్డ దండుదొరను బతికించింది ఆ రక్తమే. ఆ సంగతి అతను మర్చిపోలేదు. చెప్పుకోవడానికి నామోషీ, అంతే.

విందు అయిన నాలుగో రోజున రేచుకుక్కలు తంగేడు మీద పడ్డాయి. ఆమె పిల్లను పొదలోకి తోసి, వాటిని దూరంగా తిప్పి, ఎలాగో తప్పించుకుని వాగు ఒడ్డుకు చేరింది. తొడ చీరుకుపోయి రక్తం ధారగా కారుతోంది.

"భయపడకమ్మా," అన్నాడు కంకయ్య. "దొరగారి జలగ కుండలో ఉంది."

కుండంతా వెతికాడు. తీపి జలగలున్నాయి, ఉప్పు జలగలున్నాయి. వగరు జలగ లేదు. ఆయాసపడుతూ దండుదొర దగ్గరికి ఎగిరిపోయాడు.

"దొరా, మీరిచ్చిన జలగ కనిపించడం లేదు."

"నేనిచ్చాను. అడవి అంతా చూసింది. పోగొట్టుకున్నది నువ్వు."

"ఇవ్వకపోతే చెప్పండి దొరా. ఇప్పుడిచ్చినా తంగేడు బతుకుతుంది. నిజంగా ఇచ్చి ఉంటే మాత్రం రెండు నెలలదాకా మళ్లీ తీయను, మీ ప్రాణానికే ముప్పు."

దండుదొర తల తిప్పి చూశాడు. గుంపంతా చుట్టూ నిలబడి వింటోంది. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే తంగేడు పోతుంది.

"ఇచ్చానని చెప్పాగా," అన్నాడు.

కంకయ్య ఉత్త ముక్కుతో వెనక్కి వచ్చాడు. అతని ముఖం చూడగానే తంగేడుకు అర్థమైంది.

"మామా, నా కళ్లు రావులమ్మత్తకు పెట్టు," అంది.

రావులమ్మ ముసలి కొండముచ్చు. ఒకప్పుడు చిటారుకొమ్మన కూర్చుని, పులి జాడ చూసి కేకేసేది. ఆ కేక విని దుప్పులు ప్రాణాలు దక్కించుకునేవి. చూపు పోయాక చెట్టు కిందే పడి ఉంటోంది.

"వద్దు తల్లీ," అని ఏడ్చింది రావులమ్మ. "కళ్లు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారంటారు."

"వచ్చే జన్మ సంగతి నాకు తెలియదత్తా. ఈ జన్మలో నా పిల్లకు పులి వస్తోందని చెప్పేవాళ్లు కావాలి."

పొద్దు వాలకముందే తంగేడు పోయింది. కంకయ్య ఆమె కళ్లను రావులమ్మకు అమర్చాడు. ఆ కళ్లతో రావులమ్మ మొదట చూసింది, చనిపోయిన తల్లి పొట్ట దగ్గర పాల కోసం వెతుకుతున్న పిల్లను. చూపు రాకపోయినా బాగుండేదనుకుంది.

నెల తిరగకుండానే పులి వచ్చింది. రావులమ్మ కొమ్మ మీది నుంచి కేకేసింది. దుప్పులన్నీ పరుగెత్తాయి. తంగేడు పిల్ల అందరికంటే ముందు పరుగెత్తింది. దున్నలు కూడా కదిలాయి. దండుదొర కదల్లేదు.

"కోతి అరిస్తే పారిపోవడానికి నేనేమైనా దుప్పినా?" అన్నాడు.

పులి వెనక నుంచి దూకింది. దున్నలు తిరిగొచ్చి దాన్ని తరుముకుంటూ పోయాయి. అప్పటికే దొర మెడ చీరుకుపోయింది. కంకయ్య, రావులమ్మ, తంగేడు పిల్ల అతని దగ్గరికి చేరారు.

"కంకయ్యా, వగరు జలగ పెట్టు."

"ఎక్కడిది దొరా? ఇచ్చే తంగేడు లేదు. మీరిచ్చింది దొరకనే లేదు."

తంగేడు పిల్ల ముందుకు వచ్చింది. "నాది అమ్మ రక్తమే తాతా. నాది తీసుకో."

"నీ ఒంట్లో ఉన్నదంతా తీసినా ఈయనకు చాలదు. పక్కకు జరుగు," అన్నాడు కంకయ్య.

దండుదొర ఏడ్చాడు. "ఆ జలగను నేనే నలిపేశాను," అన్నాడు. "ఏటా నలిపేశాను."

రావులమ్మ అతని ఎదురుగా కూర్చుంది. ఆ కళ్లు ఎవరివో అతనికి తెలుసు.

"అటు తిరుగు రావులమ్మా," అని బతిమాలాడు.

"తిరగను. నిన్ను ఒకసారి బతికించినామె కళ్లివి. చూడనీ."

దండుదొర చాలాసేపు ఆ కళ్లలోకి చూశాడు. "నా కళ్లు కూడా తీసుకో కంకయ్యా," అన్నాడు చివరికి. "ఎవరికైనా పెట్టు."

చూపు లేని కుందేలు ఒకటి వాగు ఒడ్డున ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. కానీ దొర ప్రాణం పోయేసరికి గుంపు తిరిగి వచ్చింది. అతని తమ్ముడు కొమ్ములు వంచి అడ్డం నిలిచాడు.

"మా అన్న ఒంటిమీద ముక్కు పెట్టావంటే ఊరుకోను. మహాదాతను ఏ లోటూ లేకుండా సాగనంపాలి."

"ఆయనే ఇమ్మన్నాడయ్యా," అన్నాడు కంకయ్య.

"మాకెప్పుడూ చెప్పలేదే. అవతలికి పో."

దున్నలు శవానికి అడవిమల్లె దండ వేసి, జేజేలు కొట్టి వెళ్లిపోయాయి. మర్నాటికల్లా ఎర్రచీమలు ఆ కళ్లను తినేశాయి. కుందేలు మాత్రం వాగు ఒడ్డునే కూర్చుని ఉంది. ఏ అలికిడి అయినా కంకయ్య వచ్చాడనుకుని తలెత్తుతుంది.

నీతి: దానం చేసేది నలుగురూ చూడాలని కాదు, ఒకరు బతకాలని. ఇవ్వగలిగిన రోజునే రక్తం ఇవ్వాలి, పోయాక ఏమివ్వాలో బతికుండగానే ఇంట్లోవాళ్లకు చెప్పాలి.