పాంకోళ్ళ చప్పుడు

సారంగపాణి కష్టం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అతనికి మాత్రం అన్నం సహించడం లేదు.

భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు. పాప పుట్టాక ఇద్దరూ ఆలోచించుకుని, అతనే ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయాడు. పాప బొద్దుగా పెరుగుతోంది, తండ్రే చిక్కిపోతున్నాడు. వీధిలో ఎవరైనా "ఏం చేస్తున్నావోయ్" అంటే చాలు, పక్క సందులోకి తప్పుకుంటాడు. ఇంతలో పాత ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వెళితే పాపని అత్తగారి ఊళ్ళో వదలాలి. అందుకు మనసొప్పదు. ఉండిపోదామంటే తానెందుకూ కొరగానివాణ్ణనిపిస్తోంది.

గురువుగారినే అడుగుదామని పాపని భుజాన వేసుకుని ఆశ్రమానికి వెళ్ళాడు.

ఆ ఆశ్రమంలో ఊరికే కూర్చోవడం ఉండదు. ఎవరికి చేతనైన పని వాళ్ళు సేవగా చేయాలి. పనులు పంచేది పెద్ద శిష్యుడు వీరరాఘవయ్య.

"ఇప్పుడేం చేస్తున్నావు నాయనా?" అని అడిగాడాయన.

"ఇంట్లోనే ఉంటున్నానండి."

"ఇంట్లోంచే ఉద్యోగమా?"

"కాదండి. పాపని చూసుకుంటున్నాను."

"చూసుకుంటావులే. పనేమిటని అడుగుతున్నా."

సారంగపాణి జారుతున్న పాపని పైకి ఎగదోసుకున్నాడు. వీరరాఘవయ్య చెడ్డవాడేం కాదు. కాసేపు గడ్డం గోక్కుని, "సరే, ఖాళీయే కదా. అలా స్తంభం దగ్గర కూర్చో," అన్నాడు.

పాపకి పళ్ళొస్తున్నాయి. పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. భుజం మార్చి, చిగుళ్ళు వేలితో రుద్ది, వీపు నిమిరి, ఎట్టకేలకు ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. అప్పటికి కునుకు పట్టింది.

సరిగ్గా అప్పుడే పాంకోళ్ళ చప్పుడైంది. టక్కు, టక్కు. గురువుగారి కర్ర చెప్పుల చప్పుడు వినబడితే ఎక్కడివాళ్ళక్కడ లేచి నిలబడటం అక్కడి మర్యాద. అందరూ లేచారు. సారంగపాణి సగం లేచాడు. పాప మూలిగింది. కూలబడ్డాడు. మళ్ళీ లేవబోయాడు. లేవాలో కూర్చోవాలో పాపం అతనికేమీ పాలుపోలేదు. వీరరాఘవయ్య గుడ్లురిమి చూశాడు.

గురువుగారు తిన్నగా వచ్చి అతని ముందే ఆగారు. "ఏమిటి సంగతి?"

"ఏ పనీ లేనివాణ్ణయిపోయాను స్వామీ," అన్నాడు సారంగపాణి గొంతు తగ్గించి. "పాత ఉద్యోగానికి రమ్మంటున్నారు. వెళ్ళాలో వద్దో తెలియడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"ఏ పనీ లేదుగా. అయితే లేచి నా కమండలం పట్టుకురా."

ఆ కమండలం తాకే భాగ్యం కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవాళ్ళున్నారక్కడ. సారంగపాణి గట్టు మీది కమండలం వంక చూశాడు. ఒళ్ళోకి చూశాడు. చిన్న గుప్పిట అతని చొక్కా పట్టుకుని ఉంది.

"ఇప్పుడు లేవలేను స్వామీ," అన్నాడు. అనేసి తానే హడలిపోయాడు.

"గురువుగారి మాటకే ఎదురా!" అని గట్టిగా అరుస్తూ వచ్చాడు వీరరాఘవయ్య.

గురువుగారు పెదవుల మీద వేలుంచుకున్నారు. వంగి, పాంకోళ్ళు ఒక్కొక్కటే విప్పి చేత్తో పట్టుకున్నారు. ఉత్త కాళ్ళతో గట్టు వైపు నడుస్తూ, వీరరాఘవయ్య పక్కన ఆగారు.

"మెల్లగా, రాఘవయ్యా. అతను పనిలో ఉన్నాడు."